మట్టిలో పెట్టినా, నిప్పుకిచ్చినా: శరీర పునరుత్థానం నమ్మకం వెనుక కథ

గుంటూరు, విజయవాడల పాత సమాధుల తోటల్లో కొత్త గుంటకు చోటు దొరకడం కష్టమైపోయింది. తాతగారిని పెట్టిన చోటే మళ్ళీ తవ్వి, దొరికిన ఎముకలను ఒక మూలకు చేర్చి, తండ్రి పెట్టె దించే కుటుంబాలున్నాయి. ఆ గుంట దగ్గరే ఎవరో ఒకరు అడుగుతారు: "ఇలా కదిపేస్తే రేపు ఎలా లేస్తారు? దహనం చేస్తే అసలు లేవరా?" చనిపోయినవాళ్ళు అంత్యదినాన శరీరాలతో తిరిగి లేస్తారన్నదే శరీర పునరుత్థానం నమ్మకం. క్రైస్తవ సంఘం ముందుకు ఈ ప్రశ్న రావడం ఇదే మొదటిసారి కాదు.

ఎముకలు కదపడమే తప్పనుకుంటే, యేసు కాలపు యెరూషలేమువాళ్ళలో చాలామంది తప్పు చేసినట్టే. శవాన్ని రాతి గుహలో పడుకోబెట్టి, ఏడాది తర్వాత ఎముకలు ఏరి, చిన్న సున్నపురాతి పెట్టెలో ఉంచేవారు. తొడ ఎముక పట్టేంత పొడవుంటే చాలు. అలా ఉంచినవాళ్ళలో పునరుత్థానం నమ్మిన యూదులూ ఉన్నారు. ఆ నమ్మకం వాళ్ళలో హింసల రోజుల్లో గట్టిపడింది. రెండవ మక్కబీయుల గ్రంథం 7వ అధ్యాయంలో విశ్వాసం వదలనందుకు హతమవుతున్న ఏడుగురు అన్నదమ్ములలో మూడోవాడు చేతులు చాపి, ఇవి దేవుడు మళ్ళీ ఇస్తాడంటాడు. యూదుల్లోనే మరో వర్గమైన సద్దూకయ్యులు మాత్రం ఒప్పుకోలేదు.

క్రైస్తవులు దీనికి చనిపోయి తిరిగి లేచిన యేసు శరీరాన్నే ఆధారం చేసుకున్నారు. గాయాలున్న చేతులు, కాల్చిన చేప ముక్క తిన్న నోరు. అయినా మూసిన తలుపులు ఆయనను ఆపలేదు. యేసు బతికించిన లాజరు లేచి మళ్ళీ చనిపోయాడు, కాబట్టి అది ఇది కాదు. పునర్జన్మా కాదు. పౌలు విత్తనం పోలిక తెచ్చింది అందుకే: "క్షయమైనదిగా విత్తబడి అక్షయమైనదిగా లేపబడును." మొలిచేది ఆ గింజే, కానీ గింజ రూపంలో కాదు. మన భూస్థాపన ప్రసంగాలు చాలావరకు ఆత్మ పరలోకం చేరిందనే మాటతో ముగుస్తాయి. విశ్వాస ప్రమాణంలో 'శరీర పునరుత్థానం' అని ఉండగా సగం మాటే చెప్పడం బాధాకరం.

క్రీ.శ. 177లో నేటి ఫ్రాన్సులోని లియోన్‌లో క్రైస్తవ హతసాక్షుల శవాలను కాల్చి, బూడిదను రోన్ నదిలో కలిపారు. ఇక వీళ్ళెలా లేస్తారో చూద్దామన్నది హింసించినవాళ్ళ పంతం. సంఘం ఆ హతసాక్షులకు పునరుత్థానం లేదని ఏనాడూ అనలేదు. నరమాంసం తిన్నవాడి ఒంట్లో కలిసిన మాంసం ఎవరిదన్న ప్రశ్ననూ తొలి సంఘపు వేదాంతి అగస్టీన్ తప్పించుకోలేదు: మొదట ఎవరిదో వారికే దేవుడు తిరిగిస్తాడన్నాడు. 13వ శతాబ్దంలో వేదాంతి అక్వినాస్ ఇంకా తేటగా చెప్పాడు. బతికుండగానే ఒంట్లో పదార్థం మారుతూ ఉంటుంది. కట్టెలు మారినా పొయ్యిలో నిప్పు ఒకటే అయినట్టు, మనిషి ఆ మనిషే.

మరి దహనం మీద భయం ఎక్కడిది? 785 ప్రాంతంలో ఫ్రాంకుల రాజు షార్లమేన్, తాను జయించిన సాక్సన్ తెగలలో శవదహనానికి మరణశిక్ష పెట్టాడు. వాళ్ళ పాత మతాన్ని అణచడమే అతని ఉద్దేశం. 1886లో రోము, అంటే కతోలిక సంఘం, నిషేధించడానికి కారణం వేరు: ఐరోపాలో కొందరు పునరుత్థానాన్ని ధిక్కరించడానికే దహనాన్ని ఉద్యమంగా నడిపారు. 1963లో ఆ నిషేధం సడలింది. 1983 కతోలిక సంఘ చట్టం భూస్థాపనే మేలంటూ, విశ్వాసాన్ని ధిక్కరించే ఉద్దేశం లేకపోతే దహనానికి అడ్డు చెప్పలేదు. ఆర్థడాక్స్ సంఘాలు మాత్రం చాలావరకు ఈనాటికీ ఒప్పుకోవు. 1842లో మిషనరీ హయ్యర్ వచ్చినప్పటి నుంచి గుంటూరులో ఎదిగిన ప్రొటెస్టంట్ లూథరన్లకు రోము నిషేధం ఎన్నడూ వర్తించలేదు; ఆచారంగానే భూస్థాపన నిలిచింది.

కట్టిన ఏడాదికే సమాధి పగిలితే కొందరు బెంగపడతారు. అది నేల గుణం. నల్లరేగడి ఎండకు నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బుతుంది. లోపల పెట్టె చివికి కూలితే పైమట్టి దిగుతుంది. కనీసం ఒక వానాకాలం గడిచి మట్టి కుదురుకున్నాకే సిమెంటు పని పెట్టాలి.

దహనం ఎంచుకునే కతోలికులు తెలుసుకోవాల్సింది మరొకటుంది. 2016 నియమం ప్రకారం బూడిదను కృష్ణలో కలపకూడదు, గాలిలో చల్లకూడదు. పవిత్ర స్థలంలో ఉంచాలి. 2023 చివర్లో రోము ఇచ్చిన వివరణ ప్రకారం, పలువురి బూడిదను ఒకేచోట ఉంచవచ్చు, కానీ ఎవరి పేరూ చెరిగిపోకుండా అక్కడ రాసి ఉండాలి.