హామెలిన్ వెళ్లే ముందు

చిరంజీవులకు అమ్మమ్మ ఆశీస్సులు.

వేసవిలో జర్మనీలోని హానోవర్‌కి వెళ్తున్నారనీ, దగ్గర్లోని హామెలిన్ ఊళ్లో ఎలుకల మ్యూజికల్, అంటే పాటల నాటకం, కూడా చూస్తారనీ మీ అమ్మ చెప్పింది. చివర్లో చిన్నది భయపడుతుందేమోనని తనకి కాస్త టెన్షన్‌గా ఉందట. అందుకే ఈ ఉత్తరం.

మీ ఇంగ్లీషు పాఠంలో ఉన్న పైడ్ పైపర్ కథే అది. ఊరి నిండా ఎలుకలు. రంగురంగుల బట్టలు వేసుకున్న ఒకాయన పిల్లనగ్రోవి ఊది, వాటన్నిటినీ వేజర్ నదిలోకి దింపేస్తాడు. పని అయ్యాక ఊరి పెద్దలు కూలి ఎగ్గొడతారు. ఆయన మళ్ళీ వచ్చి ఊదుతాడు, ఈసారి పిల్లలు వెంట వెళ్ళిపోతారు. ఇంతవరకు మీకు తెలుసు.

పాఠంలో లేనిది ఇంకొకటి ఉంది. ఊళ్లో 1600ల మొదట్లో కట్టిన ఒక పాత రాతి ఇల్లు ఉంది. ఎలుకలు పట్టేవాడి ఇల్లనే పిలుస్తారు దాన్ని. పక్కగోడ మీద చెక్కిన నాలుగు మాటలు నాన్నతో చదివించుకోండి. 1284 జూన్ 26న, రంగురంగుల బట్టల పైపర్ ఒకడు హామెలిన్‌లో పుట్టిన 130 మంది పిల్లల్ని తీసుకుపోయాడనీ, వాళ్ళు కొండ దగ్గర కనబడకుండా పోయారనీ ఉంటుంది. అందులో ఎలుక మాటే లేదు! ఎలుకలు ఈ కథలోకి వచ్చింది ఆ తర్వాత దాదాపు మూడు వందల ఏళ్ళకి. మొదట ఉన్నది పిల్లలు పోయిన దుఃఖం ఒక్కటే. నాకు ఈ కథ ఇంత ఇష్టం కావడానికి కారణం కూడా అదే. తన పిల్లల్ని ఏడు వందల ఏళ్ళ పైగా మర్చిపోని ఊరు అది.

వాళ్ళు ఎక్కడికి వెళ్ళి ఉంటారు? పొట్టకూటి కోసం తూర్పు ఐరోపా వైపు వలస వెళ్ళిన యువకులై ఉంటారని చాలామంది చరిత్రకారుల ఊహ. కొత్త ఊళ్లకు జనాన్ని పోగుచేసే మనుషులు ఆ కాలంలో తిరిగేవాళ్ళు. అలాంటి ఒకడే కథలో పైపర్ అయ్యాడేమో. గట్టి రుజువు మాత్రం లేదు.

ఇక నాటకం సంగతి. 1956 నుంచి వేసవి ఆదివారాల్లో ఊరివాళ్ళే ఈ కథని ఆరుబయట ఆడుతున్నారు. ఎలుకలు ఊరి పిల్లలే, వెనక పొడుగాటి తోకలు వేలాడుతుంటాయి. మీరు చూడబోయే మ్యూజికల్ 2000లో మొదలైంది. నలభై నిమిషాల పాటు పాటా ఆటా. మన పద్యనాటకంలో మాట చాలనప్పుడు పద్యం ఎత్తుకుంటారే, మ్యూజికల్‌లో పాట పని కూడా అదే. కానీ ఇక్కడ ఇంకొకటి కూడా ఉంది. ఈ కథలో సంగీతం అలంకారం కాదు, కథని నడిపేదే అది. ఊరిని కాపాడేదీ, ఊరి గుండె కోసేదీ ఒకే వాయిద్యం. ఆ రెండు చోట్లా రాగం ఎలా మారిందో చెవి పెట్టి వినండి.

చిన్నదాని భయం గురించి. కళ్ళు మూయకండమ్మా. "ఆ పిల్లలు తిరిగి రారు" అని ముందే చెప్పి తీసుకెళ్ళండి, తట్టుకుంటుంది. నవ్వుల ఎలుకలు మాత్రమే ఉంచి చివర కోసేస్తే అది ఆ ఊరి కథే కాదు. జర్మనీ జానపద కథలు పోగుచేసిన గ్రిమ్ సోదరులు రాసుకున్న కథలో ఒక పిల్లాడు కోటు కోసం వెనక్కి వెళ్ళి, ఆలస్యమై బతికిపోతాడు. ఆ సంగతి చెప్పండి, అదంటే చిన్నదానికి తప్పక నచ్చుతుంది.

నాటకం అయ్యాక ఒక వీధి చూడండి. పాత ఊళ్లోనే, పిల్లలు నడిచి వెళ్ళారని చెప్పుకునే వీధి అది. అక్కడ డప్పు కొట్టరు, పాట పాడరు. పెళ్ళి ఊరేగింపు వచ్చినా బాజా ఆపేసేవాళ్ళని పాత పుస్తకాల్లో ఉంది. మీరూ ఆ వీధి దాటేదాకా పాడకండి.

మ్యూజికల్ ప్రదర్శన బుధవారం సాయంత్రం పూట, ఉచితం. టైము నాన్నని ఒకసారి సరిచూడమనండి. కాస్త ముందే వెళ్ళి ముందువరసలో నిలబడండి, చిన్నదానికి తోకలు బాగా కనిపిస్తాయి.

ప్రేమతో,
అమ్మమ్మ