"సర్జన్ గారు వచ్చేదాకా ఓర్చుకోండి": ఈ మాట ఎక్కడినుంచి వచ్చింది?

సంక్రాంతి వెళ్లిన వారానికి మా అన్నయ్యని (పెదనాన్నగారి అబ్బాయి) అర్ధరాత్రి కడుపునొప్పితో ఒక ఆస్పత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్లాం. మనిషి స్ట్రెచర్ మీద మెలికలు తిరిగిపోతున్నాడు. డ్యూటీ డాక్టరమ్మ చూసింది, సెలైన్ పెట్టించింది, రక్తపరీక్షలకు రాసింది. నొప్పికి ఏదన్నా ఇంజెక్షన్ వెయ్యండమ్మా అని వదిన బతిమాలితే, "సర్జన్ గారు వచ్చి పొట్ట చూసేదాకా వెయ్యకూడదండీ, వేస్తే అసలు జబ్బు తెలియకుండా పోతుంది, కాస్త ఓర్చుకోండి" అంది. సర్జన్ గారు రావడానికి దాదాపు మూడు గంటలు పట్టింది. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు, తనకు నేర్పిందే తను చెప్పింది. కానీ అది ఎవరు నేర్పారా అని తవ్వుకుంటూ పోతే నూరేళ్లు వెనక్కి వెళ్లాల్సి వచ్చింది.

1921లో లండన్ సర్జన్ జకరీ కోప్ ఒక చిన్న పుస్తకం రాశాడు. పొట్టలో ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి వస్తే కారణం ఎలా కనిపెట్టాలన్నది విషయం. తరతరాల మెడికోలు చదివిన పుస్తకం అది. రోగం తేలకముందే మార్ఫిన్ (నల్లమందు నుంచి తీసే బలమైన నొప్పి మందు) ఇవ్వొద్దని, ఇస్తే నొప్పి తగ్గి రోగి, డాక్టర్ ఇద్దరూ మోసపోతారని అందులో గట్టిగా హెచ్చరించాడు. ఆ రోజుల్లో అది మూర్ఖత్వమేమీ కాదు. సీటీ లేదు, అల్ట్రాసౌండ్ లేదు, సర్జన్‌కి ఉన్న సాధనమల్లా తన చెయ్యే. పొట్ట ఎక్కడ నొక్కితే రోగి ఎగిరిపడతాడో, ఎక్కడ కండరం చెక్కలా బిగుసుకుంటుందో చూసి కొయ్యాలా వద్దా అని తేల్చుకోవాలి. చిక్కల్లా ఎక్కడంటే, స్కాన్లు వచ్చాక కూడా ఆ జాగ్రత్త ఒక నియమంలా మిగిలిపోయింది, సీనియర్ జూనియర్‌కి, జూనియర్ హౌస్ సర్జన్‌కి చెప్పుకుంటూ వచ్చారు తప్ప అది నిజమేనా అని చాలాకాలం ఎవరూ పరీక్షించి చూడలేదు.

1992లో బ్రిటన్‌లో పరీక్షించారు. కడుపునొప్పితో వచ్చిన 100 మందిలో కొందరికి నల్లమందు నుంచి తీసిన మందు, మిగతావాళ్లకు ఉత్త సెలైన్ ఇచ్చి, ఎవరికి ఏది పడిందో తెలియకుండా సర్జన్ల చేత చూపించారు. మందు పడ్డవాళ్లకు నొప్పి తగ్గింది, అది అందరూ ఊహించేదే. రోగనిర్ధారణ మాత్రం దెబ్బతినలేదు. మాట్లాడగలిగే స్థితిలో, బిగుసుకుపోకుండా పడుకున్న మనిషి పొట్ట చూడటమే సుళువు కదా, నాకైతే ఇందులో వింతేమీ కనిపించలేదు. తర్వాత వచ్చిన అధ్యయనాలూ అదే చెప్పాయి. చివరికి కోప్ పుస్తకాన్ని తిరగరాసిన విలియం సైలెన్ కూడా, నొప్పితో ఉన్న మనిషికి మందు ఆపడాన్ని ఆ పుస్తకంలోనే తప్పుపట్టాడు. అంటే పుస్తకం మారింది, పుస్తకం చదివినవాళ్లు చెప్పిన మాట మారలేదు.

కడుపునొప్పి సంగతి సరే, మరి విరిగిన కాలు? అక్కడ దాచడానికి ఏముంది, ఎక్స్‌రేలో కనిపిస్తూనే ఉంటుంది. అయినా ఇవ్వరు. 1989లో అమెరికాలో ఒక ఎమర్జెన్సీ విభాగంలో నొప్పితో వచ్చిన 198 మంది కేస్‌షీట్లు తిరగేస్తే 56 శాతం మందికి నొప్పి మందే పడలేదు, పడినవాళ్లలోనూ 69 శాతం మంది గంటకు పైగా ఆగారు. 1993లో లాస్ ఏంజెలెస్‌లో ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి బయటపడింది: చేతుల, కాళ్ల పొడవాటి ఎముకలు విరిగి వచ్చినవాళ్లలో మందు అందనివాళ్లు తెల్లవాళ్లలో 26 శాతం అయితే హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే లాటిన్ అమెరికా దేశాల) మూలాలున్నవాళ్లలో 55 శాతం. అదే ఆస్పత్రి, అదే రకం దెబ్బ. ఇలాంటి లెక్క మన క్యాజువాలిటీల్లో తీస్తే, ఫోన్ చేయించగలిగే మనిషి వెంట ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ మధ్య ఎంత తేడా తేలుతుందో అనిపిస్తుంది నాకు.

మన దగ్గర దీనికి తోడు ఇంకో కథ ఉంది, అది చట్టానిది. ప్రభుత్వ లైసెన్సుతో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు నల్లమందు కోసం గసగసాల మొక్క పండిస్తారు, ఘాజీపూర్, నీమచ్‌లలో సర్కారు ఫ్యాక్టరీలున్నాయి, మన నల్లమందు విదేశాలకు వెళ్లి మార్ఫిన్ అవుతుంది. అలాంటి దేశంలో 1985 నవంబర్ 14న ఎన్‌డీపీఎస్ చట్టం అమల్లోకి వచ్చింది. మత్తుమందుల వ్యాపారుల కోసం తెచ్చిన చట్టం, పదేళ్ల కఠిన శిక్షలు. ఆస్పత్రి మార్ఫిన్ తెచ్చుకోవాలంటే ఒకటి కాదు, కొనడానికి, రవాణాకి, నిల్వకి విడివిడిగా లైసెన్సులు కావాల్సి వచ్చేవి, అన్నీ ఒకే సమయంలో చెల్లుబాటులో ఉండాల్సి వచ్చేది. ఒకటి చేతికొచ్చేసరికి ఇంకోదాని గడువు అయిపోయేది. ఈ తలనొప్పి మనకెందుకని ఆస్పత్రులు ఆ మందునే వదిలేశాయి. 1985 నుంచి 1997 లోపు దేశంలో మార్ఫిన్ వాడకం 97 శాతం పడిపోయింది. ఆ పన్నెండేళ్లలో చదువుకున్న డాక్టర్లలో చాలామంది మార్ఫిన్ ఆంపుల్ చేత్తో పట్టుకోకుండానే బయటికొచ్చారు. చేత్తో వాడని మందంటే భయం ఉండటం సహజమే.

దీనిమీద పోరాడింది క్యాన్సర్ రోగుల నొప్పి చూసినవాళ్లు. కేరళలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ వంటివాళ్లు ఏళ్ల తరబడి తిరిగితే 2014లో చట్టం సవరించారు. మార్ఫిన్, ఫెంటనిల్‌తో సహా ఆరు మందుల్ని అత్యావశ్యకమైనవిగా గుర్తించి, గుర్తింపు పొందిన ఆస్పత్రికి రాష్ట్ర డ్రగ్ కంట్రోలర్ ఒక్క అనుమతి ఇస్తే చాలన్నారు. పెద్ద విజయమే. కాకపోతే ఆ ఉద్యమమంతా పాలియేటివ్ కేర్ (నయంకాని జబ్బులున్నవాళ్లకు బాధ తగ్గించే వైద్యం) చుట్టూ నడిచింది, యాక్సిడెంట్ కేసు తరఫున అడిగేవాళ్లు ఎవరు? మన దేశంలో ఎమర్జెన్సీ మెడిసిన్‌కి ప్రత్యేక పీజీ కోర్సుగా మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఎంసీఐ) గుర్తింపు వచ్చిందే 2009లో. అప్పటిదాకా క్యాజువాలిటీ అంటే ఎవరి డ్యూటీ పడితే వాళ్లు చూసి, ఫలానా వార్డుకి పంపే గుమ్మం. గుమ్మంలో ఆగిన మనిషి నొప్పి ఏ డిపార్ట్‌మెంట్ కిందకీ రాదు.

అమెరికా ఈలోగా అటు చివరికి పోయింది. 90ల మధ్యలో నొప్పిని బీపీ, జ్వరంలాగే ఐదో వైటల్ సైన్‌గా (ప్రతి రోగికీ తప్పక చూసే ప్రాణ సూచిగా) చూడాలన్నారు, 1996లో ఆక్సీకాంటిన్ అనే నల్లమందు జాతి మాత్ర మార్కెట్లోకి దిగింది, 2001లో ఆస్పత్రుల గుర్తింపు సంస్థ ప్రతి రోగి నొప్పినీ కొలవాలంది. తర్వాత ఏమైందో అందరికీ తెలుసు, జనం ఆ జాతి మందులకు బానిసలై లక్షల ప్రాణాలు పోయాయి. మన దగ్గర ఎవరైనా మార్ఫిన్ పేరెత్తితే "అమెరికా చూడలేదా" అనేవాళ్లున్నారు. వాళ్లకు నేను చెప్పేది, క్యాజువాలిటీలో సెలైన్ గొట్టంలోంచి కొలిచి ఎక్కించే రెండు మూడు మిల్లీగ్రాములకీ, నెలకు సరిపడా మాత్రల డబ్బా చేతికిచ్చి ఇంటికి పంపడానికీ పోలిక లేదు.

పైగా ప్రతి నొప్పికీ మార్ఫిన్ అక్కర్లేదు కూడా. 2017లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో కాలో చెయ్యో నొప్పితో వచ్చిన 416 మందిలో కొందరికి ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ కలిపి ఇచ్చి, మిగతావాళ్లకు పారాసిటమాల్‌తోపాటు నల్లమందు జాతి మందులు ఇచ్చి చూస్తే, రెండు గంటల తర్వాత చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అల్సరో కిడ్నీ జబ్బో ఉన్నవాళ్లకు ఐబుప్రొఫెన్ మంచిది కాదు, అది వేరే సంగతి. కానీ పారాసిటమాల్ ఏ మందుల షాపులో అయినా దొరికేదే.

ఆ రాత్రి అన్నయ్యకి అదీ పడలేదు. తెల్లవారుజామున సర్జన్ గారు వచ్చారు, పొట్ట కుడివైపు కింద నొక్కి చూశారు, అపెండిక్స్ అన్నారు. కేస్‌షీట్ తిప్పి ఆ డ్యూటీ డాక్టరమ్మనే అడిగారు: "ఇంతసేపూ నొప్పికి ఏమీ వెయ్యలేదేంటమ్మా?"