కాఫీ రంగు నెత్తురు

గుంటూరు కొత్తపేటలో ఏ మందుల షాపు ముందైనా కాసేపు నిలబడండి. "పిల్లాడికి పళ్లొస్తున్నాయండీ, చిగుళ్లకు రాసే జెల్ ఏదన్నా ఇవ్వండి" అనే మాట వినపడుతుంది. అందులో బెంజోకైన్ ఉందా అని అడిగేవాళ్లు తక్కువ. రాసిన చోట తిమ్మిరెక్కించే మందు అది. గొంతులో కొట్టే కొన్ని స్ప్రేలలోనూ ఉంటుంది. చాలామందికి ఏమీ కాదు. ఎప్పుడో ఒకరికి మాత్రం కాసేపటికే పెదాలు, గోళ్లు నేరేడుపళ్లు తిన్నట్టు నీలంగా మారతాయి.

ఊపిరితిత్తులు బాగానే ఉంటాయి. అయినా ఆక్సిజన్ మాస్క్ పెడితే ఆ నీలం పోదు. కోవిడ్ రోజుల్లో మనందరికీ టెన్షన్ పెట్టిన పల్స్ ఆక్సీమీటర్ కూడా ఇక్కడ తికమకపడి, 85 శాతం చుట్టుపక్కలే ఆగిపోతుంది.

తేడా ఉన్నది నెత్తురులో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌లోని ఇనుములో. బెంజోకైన్ వల్ల ఆ ఇనుము ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుంటే హిమోగ్లోబిన్ కాస్తా మెథెమోగ్లోబిన్ అవుతుంది, ఇక ఆక్సిజన్‌ను పట్టుకోలేదు. మిర్చి యార్డు లారీలతో పోల్చి చెప్పాలంటే, సగం లారీలకు సరుకు ఎక్కదు, ఎక్కిన లారీలేమో దింపవు. ఎందుకంటే మిగిలిన మంచి ఇనుము ఆక్సిజన్‌ను మరీ గట్టిగా పట్టుకుంటుంది. ఈ మెథెమోగ్లోబిన్ అందరి ఒంట్లోనూ ఒక శాతం దాకా ఉంటుంది, ఒక ఎంజైమ్ ఎప్పటికప్పుడు బాగుచేస్తుంది. నెలల పిల్లల్లో ఆ ఎంజైమ్ ఇంకా తక్కువ. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో, రెండేళ్లలోపు పిల్లల చిగుళ్లకు బెంజోకైన్ వాడొద్దని గట్టిగా చెప్పింది అందుకే. మెథెమోగ్లోబిన్ 10-15 శాతం దాటితే నీలం కనిపిస్తుంది. 70 దాటితే ప్రాణం నిలవడం కష్టం.

కనిపెట్టడానికి ఓ పాత చిట్కా ఉంది. తెల్లని ఫిల్టర్ పేపర్ మీద రెండు నెత్తురు చుక్కలు వేస్తారు, ఒకటి రోగిది, ఒకటి మామూలు మనిషిది. మామూలు చుక్క గాలి తగిలి ఎర్రబడుతుంది. రోగి చుక్క మాత్రం ఫిల్టర్ కాఫీ డికాషన్ ఒలికినట్టు అలాగే ఉండిపోతుంది. పక్కాగా తేల్చేది, నెత్తురులో మెథెమోగ్లోబిన్ ఎంతుందో కొలిచే కో-ఆక్సీమీటర్.

విరుగుడు మిథిలీన్ బ్లూ. నీలం పోగొట్టడానికి మళ్లీ నీలమే, తమాషాగా లేదూ! కిలో బరువుకు 1-2 మిల్లీగ్రాముల చొప్పున నరంలోకి నెమ్మదిగా ఎక్కిస్తారు. తరచూ గంటలోపే రంగు తేరుకుంటుంది. కానీ ఈ మందు పనిచేయాలంటే జీ6పీడీ అనే ఎంజైమ్ కావాలి. పుట్టుకతో అది తక్కువగా ఉన్నవాళ్లలో మందు పనిచేయకపోగా ఎర్రకణాలు పగిలిపోవచ్చు. వాళ్లకు విటమిన్ సి ఎక్కిస్తారు, అది నిదానంగా పనిచేస్తుంది.