స్కాలర్‌షిప్ ఫారం నింపే ముందు

అమ్మాయిలూ,

మొన్న ఫోన్లో మీలో ఒకరు అడిగింది: "పెద్దమ్మా, క్లాసులో నాది ఏడో ర్యాంకు. స్కాలర్‌షిప్పులన్నీ టాపర్లకేగా, అప్లై చేసి ఏం లాభం?" అప్పటికి ఏదో చెప్పి పెట్టేశాను గానీ, ఆ మాట రెండు రోజులు నన్ను వదల్లేదు. ఇంజనీరింగ్ చదవబోయే ఆడపిల్లలకు ఇచ్చే ఒక స్కాలర్‌షిప్ ఎంపిక కమిటీలో నేను చాలా ఏళ్లు కూర్చున్నాను. మేం కాదన్నవాళ్ల కంటే, "నాకెక్కడొస్తుందిలే" అని ఫారమే తెరవనివాళ్లు ఎక్కువ ఉండుంటారని నాకెప్పుడూ అనుమానం. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిక పట్టండి.

ముందు ఒక తేడా పట్టుకోండి. బహుమతి అయిపోయిన పనికి ఇస్తారు. స్కాలర్‌షిప్ ఇంకా మొదలుకాని పనికి ఇస్తారు. ఈ అమ్మాయి నాలుగేళ్లు నిలబడి చదువుతుందా, ఈ డబ్బు లేకపోతే ఆగిపోతుందా, చదివాక ఏం చేస్తుంది? కమిటీ బల్ల చుట్టూ జరిగే మాటలు ఇవే. మార్కులు ఆ ప్రశ్నలకు దొరికే సాక్ష్యాల్లో ఒకటి, అంతే. కొన్నిచోట్ల మార్కులే సర్వస్వం, కాదనను. అలాంటివాటిలో కటాఫ్ రాసిపెట్టే ఉంటుంది, చూసుకుంటే తెలిసిపోతుంది. మిగతావాటిలో మిమ్మల్ని మీరే ముందుగా తీసేసుకోకండి.

హెర్తా ఎయిర్టన్ అని ఒకావిడ ఉండేది. 1854లో ఇంగ్లండ్‌లో పుట్టింది. ఏడేళ్లప్పుడు తండ్రి పోయాడు, తల్లి కుట్టుపని చేసి పిల్లల్ని సాకింది. కేంబ్రిడ్జ్‌లో ఆడపిల్లల చదువు కోసం పెట్టిన గర్టన్ కాలేజీ స్థాపకుల్లో ఒకరైన బార్బరా బోడికాన్ ఈ పిల్లలో ఏదో చూసి చదువుకు డబ్బు సాయం చేసింది. తీరా కేంబ్రిడ్జ్ గణితం పరీక్షలో హెర్తాకు దక్కింది మూడో తరగతి. పైగా అప్పట్లో అక్కడ ఆడవాళ్లకు డిగ్రీ ఇచ్చేవారే కాదు. కమిటీలో కూర్చుని ఆ మార్కుల కాగితం ఒక్కటే చూసి ఉంటే మనం ఏం చేసేవాళ్లం? బోడికాన్ మాత్రం ఆమెను వదల్లేదు. ఆమె పరికరం పేటెంటుకూ డబ్బు సర్దింది. ఆ హెర్తాయే తర్వాత, అప్పటి వీధిదీపాల్లో రెండు కార్బన్ కడ్డీల మధ్య వెలిగే ఎలక్ట్రిక్ ఆర్క్ ఎందుకు బుసకొడుతూ మిణుకుతుందో కనిపెట్టింది. వేడెక్కిన కార్బన్ కడ్డీకి గాలిలోని ఆక్సిజన్ తగలడమే కారణమని తేల్చింది. 1899లో బ్రిటన్ ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థలో మొదటి మహిళా సభ్యురాలైంది. 1906లో బ్రిటన్ శాస్త్రవేత్తల సంస్థ రాయల్ సొసైటీ ఆమెకు హ్యూస్ పతకం ఇచ్చింది. డబ్బిచ్చేవాళ్లు నిజంగా వెతికేది ఇలాంటి మనిషిని. దొరకడమే కష్టం, ఎందుకంటే ఆ మనిషి ఏడో ర్యాంకులో కూర్చుని "నాకెందుకులే" అనుకుంటూ ఉంటుంది.

"అమ్మాయిలకే ప్రత్యేకంగా ఎందుకు? జాలిపడా?" అని మీ క్లాసు అబ్బాయిలు అంటారు. తడుముకోకండి. ఇంట్లో ఇద్దరు పిల్లలుండి ఒకరి ఫీజుకే డబ్బుంటే ఆ డబ్బు ఎటు పోతుందో అందరికీ తెలుసు. మెషీన్ పాడైతే స్క్రూడ్రైవర్ ఎవరి చేతికి ఇస్తారో కూడా తెలుసు. తెలివి ఉండి కూడా మధ్యలో జారిపోయేవాళ్ల కోసం పెట్టిన డబ్బు ఇది. తీసుకోవడంలో సిగ్గుపడేదేమీ లేదు.

ఇక ఇచ్చేవాళ్ల సంగతి. వాళ్లెవరో తెలుసుకోకుండా అప్లై చేయడం, చిరునామా రాయకుండా ఉత్తరం పోస్టు చేయడం లాంటిది. కాలేజీలు తమ సొంత నిధుల నుంచి ఇస్తాయి. వీటిలో కొన్నిటికి అడ్మిషన్ ఫారమే దరఖాస్తు, కొన్నిటికి విడిగా అడగాలి. కంపెనీలు ఇచ్చేటప్పుడు రేపు తమ దగ్గర పనిచేసే ఇంజనీర్ల మీద కన్నేసి ఇస్తాయి, తప్పేమీ కాదు. ఇంటర్న్‌షిప్ కూడా కలిసివస్తే ఇంకా మంచిది. వృత్తి సంఘాలూ ఇస్తాయి. అమెరికాలో 1950లో పుట్టిన సొసైటీ ఆఫ్ విమెన్ ఇంజనీర్స్ కాలేజీలో కొత్తగా చేరేవాళ్లకు వేరుగా, ఇప్పటికే చదువుతున్నవాళ్లకు వేరుగా దరఖాస్తులు తీసుకుంటుంది. కొన్ని జ్ఞాపకార్థం పెట్టినవి. విమానం నడుపుతూ 1937లో కనిపించకుండా పోయిన అమీలియా ఇయర్‌హార్ట్ పేరు మీద, ఆమె సభ్యురాలిగా ఉన్న జోంటా అనే మహిళా సంస్థ మరుసటి ఏడాదే ఫెలోషిప్ పెట్టింది. అది ఇప్పటికీ నడుస్తోంది. కానీ అది ఏరోస్పేస్‌లో పీహెచ్‌డీ చేసేవాళ్లకు, మీకు కాదు. ఇప్పుడే ఎందుకు చెప్పానంటే, పేరు చూసి మురిసిపోయి ఏ దశలో ఉన్నవాళ్లకో చూడకుండా రోజంతా ఫారం నింపేవాళ్లను చూశాను.

పేర్లు కూడా మారుతుంటాయి. కంప్యూటర్ శాస్త్రవేత్త అనిటా బోర్గ్ 2003లో చనిపోతే, మరుసటి ఏడాది గూగుల్ ఆమె పేరుతో స్కాలర్‌షిప్ మొదలుపెట్టింది. కొన్నేళ్లకు దాని పేరూ రూపమూ మారాయి. కాబట్టి ఎవరో పంపిన పాత జాబితాలు నమ్మకండి. ఇచ్చే సంస్థ సొంత పేజీకి వెళ్లి ఈ ఏడాది నియమాలు చదవండి.

నియమాలు చదవడం అన్నాను కదా, నా దృష్టిలో మీ మొదటి ఇంజనీరింగ్ పని అదే. డ్రాయింగ్ చేతికొస్తే ఇంజనీరు ఏం చూస్తుంది? ఇది ఎంత బరువు మోస్తుంది, ఎంతకాలం మోస్తుంది, ఎక్కడ విరుగుతుంది? స్కాలర్‌షిప్‌ను కూడా అలాగే చూడండి.

బరువు అంటే, ట్యూషన్ ఫీజు మాత్రమేనా, హాస్టలూ పుస్తకాలూ ల్యాప్‌టాప్ కూడానా? డబ్బు నేరుగా కాలేజీకి కడతారా, మీ ఖాతాలో వేస్తారా? మీరు ముందు కట్టి రసీదు చూపిస్తే తర్వాత ఇస్తారా? ఈ మూడోది చిన్న అక్షరాల్లో ఉంటుంది. కాగితం మీద మొత్తం అదే అయినా, ముందు కట్టడానికే డబ్బు లేని ఇంటికి అది స్కాలర్‌షిప్పే కాదు. ఇంకొకటి, బయటి స్కాలర్‌షిప్ వస్తే కొన్ని కాలేజీలు తామిచ్చే సాయాన్ని ఆ మేరకు తగ్గిస్తాయి. రెండూ కలిపి తీసుకోవచ్చా అని రాతపూర్వకంగా అడగండి. అడగడం మర్యాద తప్పడం కాదు.

కాలం అంటే, ఒక్కసారే ఇచ్చేదా, ప్రతి ఏడాదీ వచ్చేదా? మొదటి ఏడాది పెద్ద మొత్తం ఇచ్చి ఊరుకునేదాని కంటే, నాలుగేళ్లూ వచ్చే మధ్యస్థమైనదే నాకు ఇష్టం. రెండో ఏడాది ఫీజు కట్టలేక చదువు ఆగితే, మొదటి ఏడాది సంబరం ఎందుకూ పనికిరాదు.

విరిగే చోటు అంటే షరతులు. ప్రతి సెమిస్టర్‌లో కనీసం ఇన్ని మార్కులు, ఏ సబ్జెక్టూ వదలకుండా పూర్తి కోర్సు చదవాలి, బ్రాంచ్ మారకూడదు, ఇలాంటివి. ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో మార్కులు కొంత జారడం మామూలే. స్కూల్లో తొంభైలు తెచ్చుకున్నవాళ్లకు కూడా గణితం ఒక్కసారిగా ఎత్తైన గోడలా కనిపిస్తుంది. అది తెలిసి షరతు చూడండి. 'ఇంజనీరింగ్' అనే మాటకు ఆ సంస్థ ఇచ్చుకున్న అర్థం కూడా చూడండి. కంప్యూటర్ సైన్స్ అందులోకి వస్తుందా? ఆర్కిటెక్చర్ వస్తుందా? చాలామంది అక్రెడిటేషన్, అంటే నాణ్యత చూసి ఇచ్చే గుర్తింపు, ఉన్న కోర్సులకే ఇస్తారు. 1989లో కుదిరిన వాషింగ్టన్ ఒప్పందం గురించి ఎప్పుడైనా చదవండి. అందులో వివిధ దేశాల్లో ఇలాంటి గుర్తింపు ఇచ్చే సంస్థలున్నాయి, ఒకరు గుర్తించిన ఇంజనీరింగ్ డిగ్రీలను మరొకరు సమానంగా చూస్తారు. విదేశాల్లో చదవాలన్నా, పనిచేయాలన్నా అది అక్కరకొస్తుంది. ఇక బాండ్ ఉంటే, అంటే చదువయ్యాక ఇన్నేళ్లు మా దగ్గరే పనిచేయాలని ఉంటే, పెద్దవాళ్లతో కూర్చుని చదివాకే సంతకం పెట్టండి. అప్పును స్కాలర్‌షిప్ అని అందంగా పిలిచేవాళ్లూ ఉంటారు. 'తిరిగి చెల్లించాలి' అనే మాట ఎక్కడైనా దాక్కుందేమో వెతకండి.

ఇంత చెబుతున్న నేను మీ వయసులో చేసిన ఘనకార్యం వినండి. అప్పట్లో అన్నీ పోస్టులోనే. ఒక స్కాలర్‌షిప్‌కి ఫారం ముత్యాల్లాంటి అక్షరాలతో నింపి, చివరి తేదీ రోజు గర్వంగా పోస్టు డబ్బాలో వేశాను. ఆ తేదీ దరఖాస్తు 'పంపవలసిన' తేదీ కాదు, 'చేరవలసిన' తేదీ. రెండు అక్షరాల తేడా. వెనక్కి తిరిగొచ్చిన కవరు చాలాకాలం దాచుకున్నాను. ఇప్పుడు పోస్టు లేదు గానీ ఆ గొయ్యి ఇంకోచోట ఉంది. ఆన్‌లైన్ ఫారంలో 'రాత్రి పన్నెండు' అంటే ఏ దేశపు పన్నెండు? చివరి రోజు సర్వర్ మొరాయిస్తే? అసలు చివరి తేదీకి వారం ముందు రోజునే మీ లెక్కలో చివరి తేదీగా పెట్టుకోండి.

అందరూ టెన్షన్ పడేది వ్యాసం గురించి. కమిటీలో మేం చదివిన వ్యాసాల్లో సగం ఒకేలా మొదలయ్యేవి: చిన్నప్పటి నుంచి ఇంజనీరింగ్ అంటే ప్రాణం, సమాజానికి సేవ చేయాలని ఆశయం. పదో కాగితం దగ్గరికి వచ్చేసరికి కళ్లు మూతలు పడేవి. ఒకసారి ఒక అమ్మాయి వాళ్ల అమ్మమ్మ చెవి మిషన్ గురించి రాసింది. అది ఊరికే కూతపెట్టేదట. ముందు బ్యాటరీ అనుకుని మార్చింది, పోలేదు. తర్వాత మైకు పాడైందనుకుంది, అదీ కాదు. చెయ్యి దగ్గరికి తెస్తే కూత పెరగడం గమనించింది. చివరికి తేలిందేమిటంటే, అమ్మమ్మ బాగా చిక్కిపోయింది, చెవిలో పెట్టే ముక్క వదులైంది. ఆ సందులోంచి బయటికొచ్చిన శబ్దం మళ్లీ మైకులోకి పోయి, పెద్దదై, మళ్లీ బయటికొస్తోంది. "రెండుసార్లు తప్పుగా ఊహించాను" అని దాచుకోకుండా రాసింది. మార్కులు మధ్యస్థం. బల్ల చుట్టూ ఉన్న ఐదుగురం ఆ కాగితం ఒకరి చేతిలోంచి ఒకరం తీసుకుని చదివాం. డబ్బు ఆమెకే ఇచ్చాం.

మీరూ అలాగే రాయండి. విప్పినదీ, విరగ్గొట్టినదీ, సరిచేయలేకపోయినదీ, ఏదైనా సరే. ఇంట్లో డబ్బు ఇబ్బంది ఉంటే సూటిగా రెండు వాక్యాల్లో చెప్పండి, ఏడిపించాలని చూడకండి. కంప్యూటర్ చేత మొత్తం రాయించి పంపితే ఆ అమ్మమ్మ అందులో ఉండదు.

సిఫారసు లేఖకు పెద్ద హోదా ఉన్నవాళ్ల వెంట పడకండి. మిమ్మల్ని ఎరగని పెద్దమనిషి రాసే నాలుగు పొగడ్తలు మాకు ఇట్టే తెలిసిపోయేవి. ల్యాబ్‌లో మీ ప్రయోగం చెడిపోయినప్పుడు పక్కనే ఉండి చూసిన టీచర్‌ని ఆ లేఖ అడగండి. కనీసం మూడు వారాల ముందు అడిగి, మీరు చేసిన పనులు ఒక పేజీలో రాసివ్వండి. టీచర్లకు నలభైమంది ఉంటారు, అన్నీ గుర్తుండవు.

మోసాల గురించి ఒక్క మాట. డబ్బు ఇస్తామంటూ ముందు మీ దగ్గరే ఫీజు అడిగితే, ఓటీపీ అడిగితే, అప్లై చేయనిదానికి ఎంపికయ్యారంటే, ఫోన్ పెట్టేయండి.

డబ్బు వచ్చాక సంగతి ఎవరూ చెప్పరు. ఎ. లలిత అనే మన తెలుగావిడ పద్దెనిమిదేళ్లకే భర్తను పోగొట్టుకుని చంటిబిడ్డతో మిగిలింది, తర్వాత మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చేరింది. 1943లో ఎలక్ట్రికల్ ఇంజనీరైంది. తండ్రి అక్కడే ప్రొఫెసర్, ఫీజుకు లోటు లేదు. లోటల్లా తోడుకే. అన్ని వందల మంది మగపిల్లల్లో ఆమె ఒక్కతే. తర్వాత లీలమ్మ జార్జ్, పి.కె. త్రేసియా సివిల్‌లో చేరాకే ఆ కాలేజీలో ఆమెకు సాటి ఆడపిల్లలు దొరికారు. పట్టాల మీద ముందే 'అతడు' అని అచ్చై ఉంటే కొట్టేసి 'ఆమె' అని దిద్దాల్సి వచ్చింది. అందుకే చెబుతున్నా, స్కాలర్‌షిప్ ఇచ్చేవాళ్లు మెంటర్‌ను చూపిస్తామంటే, పాత విద్యార్థినులను పరిచయం చేస్తామంటే వదులుకోకండి. ఒక సెమిస్టర్ మార్కులు జారితే వాళ్లు అడిగేదాకా ఆగకుండా మీరే కారణం రాయండి. ముందుగా చెప్పినవాళ్లకు చాలాచోట్ల ఇంకో అవకాశం ఇస్తారు. మా కమిటీ కూడా ఇచ్చేది.

ఈ ఏడాది రాకపోతే రెండో ఏడాది విద్యార్థులకు వేరే స్కాలర్‌షిప్పులుంటాయి. చిన్న మొత్తాలవీ చూడండి. వాటివైపు ఎక్కువమంది చూడరు కాబట్టి పోటీ తక్కువ.

ఏడో ర్యాంకు పిల్లా, నీకు విడిగా ఒక మాట. మీ ఇంట్లో మూలన పడేసిన టేబుల్ ఫ్యాన్‌ను పోయిన సెలవుల్లో విప్పావని మీ అమ్మ చెప్పింది. అది తిరిగిందా లేదా అన్నది నాకు చెప్పలేదు. ఆ సంగతే ఒక పేజీ రాసి ఆదివారంలోపు నాకు పంపు. తప్పులు దిద్దిపెడతాను, నీ బదులు మాత్రం రాయను.

ప్రేమతో,
మీ పెద్దమ్మ