స్కోరు 1 వచ్చిందని మిఠాయిలు పంచకండి: చక్కెర ఫ్యాక్టరీలో డీఈఏ, అపోహలు - వాస్తవాలు

ఒక చక్కెర ఫ్యాక్టరీలో డీఈఏ మీద నా ప్రజెంటేషన్ అయ్యి పావుగంట కాలేదు. డీఈఏ అంటే డేటా ఎన్వలప్‌మెంట్ అనాలిసిస్: ఒకే పని చేసే యూనిట్లని ఒకదానితో ఒకటి పోల్చి, ఇన్‌పుట్లని ఎంత బాగా అవుట్‌పుట్‌గా మారుస్తున్నాయో 1కి మించకుండా స్కోరు వేసే పద్ధతి. టీ తాగుదామని క్యాంటీన్‌కి వెళ్తే అక్కడ అప్పుడే మాట తిరుగుతోంది: "మన ఎఫిషియెన్సీ 0.72 అంటండీ. అంటే నూటికి 28 బస్తాలు ఎవడో మింగేశాడన్నమాట!" ఆ మాటన్నాయన వెనకే నేను నిలబడి ఉన్నానని ఆయనకి తెలీదు. సాయంత్రానికి అది గేటు దాటి చెరకు ట్రాక్టర్ల లైన్లోకి పాకింది. మర్నాడు పొద్దున్నే ఒక రైతు నన్ను ఆపి, "సార్, మీ నంబరు తక్కువొచ్చిందని మాకు రేటు కోస్తారా?" అని అడిగాడు.

ముందు ఆ రైతుకి చెప్పిన జవాబే చెప్తాను. కోయరు. చెరకు ధరకి ఆధారం ఎఫ్‌ఆర్‌పీ, అంటే కేంద్రం ఖరారు చేసే కనీస ధర. అది ముడిపడింది రికవరీతో, అంటే చెరకు బరువులో ఎంత శాతం పంచదార వచ్చిందన్న లెక్కతో. 2025-26 సీజన్‌కి 10.25 శాతం రికవరీ మీద క్వింటాలుకు 355 రూపాయలు. రికవరీ 9.5 శాతం కన్నా కిందికి పోయినా 329.05 రూపాయల కంటే తగ్గించడానికి లేదు. ఆ లెక్కలో డీఈఏకి చోటే లేదు.

క్యాంటీన్ పెద్దమనిషికి జవాబు ఇంకా చిన్నది. 0.72 అంటే ఎవరూ ఏమీ మింగలేదు. పోల్చిన ఫ్యాక్టరీల్లో బాగా నడిచేవాటిని ఒక పాళ్లలో కలిపి చూస్తే, ఇదే పంచదారని ఇందులో 72 శాతం ఇన్‌పుట్లతో తీయవచ్చని మోడల్ అంటోంది, అంతే. ఆ ఇన్‌పుట్లలో మనుషుల పనిగంటలున్నాయి, ఆవిరి ఉంది. పోల్చే గుంపు మారితే నంబరూ మారుతుంది. దీన్ని దొంగతనం లెక్కగా చదివేవాళ్లతో వాదించే ఓపిక నాకు పోయింది.

అయితే తక్కువ స్కోరు చూసి భయపడేవాళ్ల వల్ల జరిగే నష్టం చిన్నదే. ఎక్కువ స్కోరు చూసి నిద్రపోయేవాళ్ల వల్లే ఫ్యాక్టరీలకి అసలు దెబ్బ.

అపోహ: "మాకు 1 వచ్చింది. ఇంక చేయడానికి ఏమీ లేదు."

వాస్తవం: చేయడానికి ఏముందో మీరు పెట్టిన మోడల్‌కి కనపడలేదు.

చక్కెర ఫ్యాక్టరీ అంటే పక్కపక్కనే ఉన్న రెండు రాజ్యాలు. మిల్ హౌస్‌లో చెరకు నలిగి రసం, పిప్పి వేరవుతాయి. బాయిలింగ్ హౌస్‌లో ఆ రసం శుద్ధి అయ్యి, చిక్కబడి, పాన్లలో గింజ కట్టి పంచదార అవుతుంది. మొదటిది చీఫ్ ఇంజినీర్‌ది, రెండోది చీఫ్ కెమిస్ట్‌ది. రెండిటికీ మధ్య ఉండేది ఒక రసం పైపు, చాలాచోట్ల ఒక పాత తగువు.

చేత్తో వేసుకోగలిగే చిన్న లెక్క చెప్తాను. సంఖ్యలు ఉదాహరణకే. చెరకుతో పాటు 100 టన్నుల చక్కెర లోపలికి వచ్చిందనుకోండి. తూర్పు ఫ్యాక్టరీలో 96 టన్నులు రసంలోకి వచ్చి, 84 బస్తాల్లోకి చేరాయి. పడమటి ఫ్యాక్టరీలో 92 రసంలోకి, మళ్లీ 84 బస్తాల్లోకి. దక్షిణం ఫ్యాక్టరీలో 94 రసంలోకి, 82 బస్తాల్లోకి. లోపల ఏం జరిగిందో చూడకుండా చెరకు నుంచి బస్తాకి డీఈఏ నడిపితే తూర్పుకి 1, పడమరకి 1, దక్షిణానికి 0.976. రెండు చోట్లా మిఠాయిలు.

ఇప్పుడు మూత తీసి చూడండి. తూర్పులో పిప్పితో పోయింది 4 టన్నులే, బాయిలింగ్ హౌస్‌లో 12 పోయాయి. పడమరలో పిప్పితో 8, బాయిలింగ్ హౌస్‌లో 8. అంటే పడమర వాళ్లు 8 టన్నుల చక్కెరని పిప్పితో పాటు బాయిలర్‌లో వేసి తగలబెడుతున్నారు. తూర్పు వాళ్లు మొలాసిస్‌లో (గింజ కట్టక మిగిలే మడ్డి పాకం), ప్రెస్ మడ్‌లో (రసం శుద్ధిలో మిగిలే మడ్డి) వదిలేస్తున్నారు. తూర్పు మిల్లుకి పడమటి బాయిలింగ్ హౌస్ తగిలిస్తే 87.65 టన్నులు రావాలి. దాంతో పోలిస్తే ఇద్దరికీ వచ్చేది 0.958 మాత్రమే. 1 తెచ్చుకున్న ఇద్దరూ నూటికి మూడున్నర టన్నుల పైచిలుకు పోగొట్టుకుంటున్నారు. ఒకరి లోపం ఒకరికి పనికొచ్చే పాఠం, కానీ ఇద్దరి రిపోర్టులోనూ "సమర్థం" అనే ఉంది.

1957లో ఫారెల్ దారి చూపించినప్పుడు గానీ, 1978లో చార్న్స్, కూపర్, రోడ్స్ దాన్ని లీనియర్ ప్రోగ్రామింగ్‌గా మలిచినప్పుడు గానీ యూనిట్ ఒక మూసిన పెట్టె. ఏం వెళ్లింది, ఏం వచ్చింది, అంతవరకే. ఆ పెట్టెని తెరిచే నెట్‌వర్క్ డీఈఏకి ఫేర్, గ్రాస్‌కాఫ్ బాట వేశారు. తర్వాత 2008లో కావో, హ్వాంగ్ తైవాన్‌లోని 24 జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీల పనిని ప్రీమియం రాబట్టడం, లాభం తీయడం అని రెండు దశలు చేసి చూశారు. మొత్తం సామర్థ్యం అంటే రెండు దశల లబ్ధం. అలా చూస్తే 24లో ఒక్క కంపెనీకీ మొత్తం మీద 1 రాలేదు.

నాకు నవ్వొచ్చే విషయం ఏంటంటే, ఈ గుణకారం చక్కెర కెమిస్టులకి కొత్త కాదు. మిల్ ఎక్స్‌ట్రాక్షన్‌ని (చెరకులోని చక్కెరలో రసంలోకి వచ్చిన వాటా) బాయిలింగ్ హౌస్ రికవరీతో (రసంలోని చక్కెరలో బస్తాల్లోకి చేరిన వాటా) గుణిస్తే మొత్తం రికవరీ అని వాళ్ల ల్యాబ్ రిజిస్టర్లలో ఎప్పటినుంచో ఉంది. మనం సాఫ్ట్‌వేర్ తెచ్చి, ఆ మధ్య కాలమ్ కొట్టేసి, మళ్లీ వాళ్లకే పాఠం చెప్తున్నాం.

అపోహ: "అయితే రెండు దశలకీ విడివిడిగా డీఈఏ నడిపితే సరి. ఎవరిది తక్కువొస్తే తప్పు వాళ్లది."

దీని దగ్గర కాసేపు ఆగాలి. దీనివల్ల మనుషులకి అన్యాయం జరగడం చూశాను.

విడిగా నడిపితే ఒకే రసం మిల్ హౌస్ మోడల్లో అవుట్‌పుట్, బాయిలింగ్ హౌస్ మోడల్లో ఇన్‌పుట్. మొదటి మోడల్ రసం పెంచమంటుంది. రెండోది రసం తగ్గిస్తే నీ స్కోరు పెరుగుతుందంటుంది. తగ్గించడమంటే ఏంటి, కాలవలో పొయ్యాలా? పైగా రసాన్ని ఒక్క సంఖ్యతో కాకుండా రెండు మూడు రకాలుగా కొలిస్తే, ఏ మోడల్ దానికి నచ్చిన వెయిట్లు (దేనికి ఎంత విలువ ఇవ్వాలన్న గుణకాలు) అది వేసుకుంటుంది. పైపుకి ఇవతల ఒక ధర, అవతల ఇంకో ధర. మధ్య సరుకుకి రెండు దశల్లోనూ ఒకే వెయిట్ ఉండాలన్న షరతు పెట్టడమే కావో, హ్వాంగ్ మోడల్లో అసలు కిటుకు. ఆ ఒక్క షరతు లేకపోతే మీరు కొలిచింది ఒక ఫ్యాక్టరీని కాదు, పక్కపక్కన ఉన్న రెండు దుకాణాల్ని.

నాకంటే ముందు ఒకరు ఒక ఫ్యాక్టరీలో సరిగ్గా ఇలాగే విడివిడిగా లెక్కేసి వెళ్లారు. మిల్ హౌస్‌కి మంచి స్కోరు, బాయిలింగ్ హౌస్‌కి అధ్వానం. నేను వెళ్లిన రోజు రాత్రి తొమ్మిదిన్నరకి గెస్ట్ హౌస్ తలుపు కొట్టిన చప్పుడు. చూస్తే చీఫ్ కెమిస్ట్, రిటైర్మెంట్‌కి దగ్గర పడ్డ మనిషి. చంకలో నాలుగు రిజిస్టర్లు, తువ్వాల్లో చుట్టి ఉన్నాయి.

"సార్, ముప్పై ఏళ్లు పాన్ల దగ్గరే గడిపాను. రెండేళ్ల నుంచి మీటింగ్‌లో తల ఎత్తలేకపోతున్నాను. ఒక్కసారి ఈ ప్యూరిటీ కాలమ్ చూడండి" అన్నారు. ప్యూరిటీ అంటే రసంలో కరిగి ఉన్న పదార్థాల్లో చక్కెర వాటా.

కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి చూశాను. ఎక్స్‌ట్రాక్షన్ పెంచాలని మిల్ హౌస్ వాళ్లు ఇంబిబిషన్ నీళ్లు (పిప్పిలో మిగిలిన చక్కెరని కడిగి లాగడానికి పోసేవి) పెంచారు, రోలర్ల ఒత్తిడీ పెంచారు. పిప్పిలో చక్కెర తగ్గింది, అది మంచిదే. కానీ ఆఖరి మిల్లు రసం ప్యూరిటీ మొదటి మిల్లు రసం కన్నా ఎప్పుడూ తక్కువే ఉంటుంది. పిండేకొద్దీ చక్కెరతో పాటు చక్కెర కాని పదార్థాలూ దిగుతాయి. అవి పాన్లలో గింజ కట్టకుండా తమతో పాటు కొంత చక్కెరని మొలాసిస్‌లోకి లాక్కుపోతాయి. అదనంగా పోసిన నీళ్లన్నీ ఆవిరి చేయడానికి స్టీమ్ కూడా కావాలి. ఎక్స్‌ట్రాక్షన్ గ్రాఫ్ పైకి లేచిన నెలలోనే మిక్స్‌డ్ జ్యూస్ (మిల్లుల నుంచి కలిసి బాయిలింగ్ హౌస్‌కి వెళ్లే రసం) ప్యూరిటీ కిందికి దిగింది. రిజిస్టర్లో ఆయన ఎర్ర పెన్నుతో ఆ తేదీలకి చుట్టూ సున్నాలు చుట్టి ఉంచారు. రెండేళ్లుగా అడిగినవాళ్లు లేరు.

మేం చేసింది పెద్ద బ్రహ్మవిద్య ఏమీ కాదు. మధ్య సరుకుని ఒక్క "రసం" అనకుండా, రసంలోని చక్కెర, చక్కెర కానిది అని రెండుగా విడదీశాం. రెండోదాన్ని మిల్ హౌస్‌కి అవాంఛిత అవుట్‌పుట్‌గా పెట్టాం. రెండు దశల్లోనూ ఒకే వెయిట్లు. దాంతో బాయిలింగ్ హౌస్ మీద పడ్డ నింద చాలావరకు పైపుకి ఇవతలికి, మిల్ హౌస్ వైపుకి వచ్చేసింది. ఆయన కడిగిన ముత్యంలా తేలారని అనను, స్టీమ్ వాడకంలో వాళ్ల దగ్గర నిజంగానే దుబారా ఉంది, ఆయనే ఒప్పుకున్నారు. కానీ వచ్చిన తిట్లకీ చేసిన తప్పుకీ పొంతన లేదు.

ఇప్పుడు పైన నేను వేసిన తూర్పు, పడమర లెక్కకి ఒకసారి వెనక్కి వెళ్లండి. అందులోనూ ఇదే దొంగ దాక్కున్నాడు. తూర్పు మిల్లుకి పడమటి బాయిలింగ్ హౌస్ తగిలిస్తే 87.65 వస్తుందన్నాను. తూర్పు వాళ్ల 96లో ఆఖరి నాలుగు టన్నులు ఎంత మురికితో వచ్చాయో చూడకుండా ఆ మాట అనేశాను. మూత తీయడం మొదటి మెట్టు మాత్రమే, లోపల పారేదాని నాణ్యత కొలవకపోతే తప్పు ఒకరి నెత్తి మీద నుంచి ఇంకొకరి నెత్తి మీదికి మారుతుంది, అంతే.

ఇంకో సంగతి, దశల వారీ స్కోర్లు చూసి ఇంక్రిమెంట్లు ఆపే మేనేజ్‌మెంట్లకి: మొత్తం స్కోరు ఒక్కటే అయినా, దాన్ని రెండు దశలకి పంచే విధానం ఒక్కటే ఉండాలని లేదు. ఒక వెయిట్ల జత మిల్ హౌస్‌ని మెచ్చుకుంటుంది, అంతే సరైన ఇంకో జత బాయిలింగ్ హౌస్‌ని మెచ్చుకుంటుంది. లబ్ధం అదే. అందుకే నేను ప్రతి దశకీ కనిష్ఠం, గరిష్ఠం రెండూ అచ్చేస్తాను. "ఒక్క నంబరు చెప్పండి సార్" అని అడుగుతారు. చెప్పను.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"టూ-స్టేజ్ డీఈఏ" అనే పేరుతో రెండు వేర్వేరు పనులున్నాయి. ఒకటి ఇప్పటిదాకా చెప్పుకున్నది, ఫ్యాక్టరీలోనే రెండు దశలు. రెండోది, ముందు స్కోర్లు తీసి, తర్వాత వాటి మీద రిగ్రెషన్ చేయడం, అంటే స్కోర్లు ఏ కారణాల వల్ల మారుతున్నాయో వెతకడం. ఆ రెండో దానిలోని చిక్కుల గురించి సైమర్, విల్సన్ 2007లో రాశారు. ఈ మధ్య ఒక పీహెచ్‌డీ అమ్మాయి ఫోన్ చేసింది, గొంతులో ఏడుపు. "సార్, నాది నెట్‌వర్క్ మోడల్. రివ్యూయర్ బూట్‌స్ట్రాప్ రిగ్రెషన్ ఎందుకు చేయలేదంటున్నాడు. థీసిస్ మొత్తం పోయినట్టేనా?" ఏమీ పోలేదమ్మా. ఆయన "టూ-స్టేజ్" అన్న పేరు చూసి, రెండో రకం అనుకుని పొరబడ్డాడు. రెండు లైన్లు మర్యాదగా రాసి పంపు అన్నాను. టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్రపోలేదట పాపం.

"బీసీసీ వాడితే స్కోర్లు బాగుంటాయి" అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. బీసీసీ అంటే ఫ్యాక్టరీ స్కేలు తేడాని లెక్కలోకి తీసుకునే మోడల్. 1984 నాటి ఆ మోడల్లో స్కోర్లు సీసీఆర్ (పైన చెప్పిన చార్న్స్, కూపర్, రోడ్స్ మోడల్) కన్నా తగ్గవు, అది దాని నిర్మాణంలోనే ఉంది, మీ గొప్ప కాదు. పైగా స్కేలు మారితే పైన చెప్పిన గుణకారం అంత తేలిగ్గా కుదరదు. అక్కడ 2009లో చెన్, కుక్, లీ, ఝు ఇచ్చిన కూడిక పద్ధతి పనికొస్తుంది. స్కోరు వస్తే టార్గెట్ కూడా వచ్చేసినట్టే అనుకోకండి. మామూలు డీఈఏలో లాగా స్కోరుతో గుణించి "ఇంత రసం తీయాలి" అని రాస్తే నెట్‌వర్క్‌లో అది ఫ్రాంటియర్ (బాగా నడిచే యూనిట్లు గీసే హద్దు) మీద పడుతుందన్న హామీ లేదు.

ఆఖరిది. "ఎన్ని వేరియబుల్స్ పెడితే అంత ఖచ్చితం." కాదు. అలవాటుగా వాడే లెక్క ప్రకారం ఇన్‌పుట్లు, అవుట్‌పుట్లు కలిపిన సంఖ్యకి కనీసం మూడు రెట్లు యూనిట్లు ఉండాలి, ఇన్‌పుట్లని అవుట్‌పుట్లతో గుణిస్తే వచ్చే సంఖ్యకీ తగ్గకూడదు. ఒక గ్రూపు వాళ్లు అయిదు ఇన్‌పుట్లు, రెండు అవుట్‌పుట్లు పెట్టారు. అంటే 21 యూనిట్లు కావాలి. వాళ్లకున్నవి నాలుగు ఫ్యాక్టరీలు. నాలుగింటికీ 1 వచ్చింది, రాక ఏం చేస్తుంది? నేను వెళ్లేసరికి గేటు దగ్గర ఫ్లెక్స్ కూడా కట్టేశారు.

ఆరు సీజన్ల రిజిస్టర్లు ఇవ్వండి, ఒక్కో సీజన్‌ని ఒక్కో యూనిట్‌గా తీసుకుంటే 24 అవుతాయి, మధ్యలో మెషినరీ మారిన సీజన్లు ఏవో కూడా చెప్పండి, మళ్లీ నడుపుదాం అన్నాను. "అప్పుడు కూడా అన్నిటికీ 1 వస్తుందాండీ?" అని అడిగారు. రాదన్నాను. రిజిస్టర్లు ఇంకా రాలేదు.