వేళ్లు కిందికి దిగాలి, పిల్లలూ!

తిరుపతి,
జూన్ నెలాఖరు

ప్రియమైన పిల్లలూ,

ముంగిట్లో పరిచిన కొత్త లాన్ ఫొటోలు చూశాను. కళ్లకు చల్లగా ఉంది. అయితే ఆ పచ్చదనం ఇంకా నర్సరీలోదే. షీట్లుగా కోసేటప్పుడు గడ్డి వేళ్లు చాలావరకు అక్కడే తెగిపోతాయి. మీ ఇంటికి వచ్చింది ఆకు, కాస్త మట్టి, తెగిన వేళ్లు. ఆ పలుచని మట్టిలోని తడి మన ఎండకు ఒక్క పూటలో ఆరిపోతుంది. నాటు వేసిన వరి పైరు కొన్నాళ్లు వాడిపోయి, వేళ్లు పట్టాక పచ్చబడుతుంది కదా, ఇదీ అంతే.

అందుకే మొదటి రెండు వారాలు నీళ్ల విషయంలో బద్ధకం పనికిరాదు. పొద్దున్నే బాగా తడపండి. వాన లేక ఎండ కాస్తుంటే మధ్యాహ్నం ఇంకోసారి తేలిగ్గా చల్లండి. ఆకు తడిసిందని మోసపోకండి. ఒక షీటు మూల మెల్లగా ఎత్తి, కింద వేలు పెట్టి చూడండి. అడుగున నేల పొడిగా తగిలితే మీరు పోసింది చాలలేదన్నమాట. షీట్ల అంచులు ముందుగా ఎండుతాయి. సందుల్లో ఇసుక, వర్మీకంపోస్టు కలిపి నింపండి. ఈ రోజుల్లో దానిమీద క్రికెట్ వద్దు నాయనా, నడక కూడా వద్దు.

వారం పది రోజులకు అదే మూల ఎత్తితే దారాల్లాంటి తెల్లటి కొత్త వేళ్లు కనిపిస్తాయి. ఇంకొన్నాళ్లకు లాగినా రాదు. అప్పుడు నీళ్లు పోసే పద్ధతి మార్చాలి. నాకు అన్నిటికంటే ముఖ్యం ఇదే. రోజూ పైపైన చల్లితే వేళ్లు పైనే ఉండిపోతాయి, మే నెల రాగానే మాడిపోతాయి. రెండు మూడు రోజులకోసారి, తడి అరచెయ్యి లోతుకు దిగేలా పోస్తే వేళ్లు నీటి వెంట కిందికి పోతాయి. గడ్డిలో ఒక రేకు డబ్బా పెట్టి కొలుచుకోండి. వాన లేని వారంలో మొత్తం 25 మిల్లీమీటర్లు నిండాలి, అంటే చదరపు మీటరుకు 25 లీటర్లు. ఎండాకాలంలో ఇంకాస్త ఎక్కువ.

వేళ్లు గట్టిగా పట్టాకే గడ్డి కోసే మెషిన్ పెట్టండి. ఒక్కసారికి ఎత్తులో మూడో వంతుకు మించి కోయకూడదు. మొదటి నెలలో యూరియా జోలికి పోవద్దు, లేత వేళ్లు మాడతాయి. తుంగ మొలిస్తే పైన తుంచి వదిలేయకండి, అడుగున గడ్డతో సహా తవ్వి తీయండి.

మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైనాయి కదా! అలాంటి రోజుల్లో గడ్డికి ఎక్కువ తడే శత్రువు. నీళ్లు నిలిస్తే వేళ్లకు గాలి ఆడదు. చిన్న కాలువ తీసి బయటికి పంపండి. సాయంత్రం తడిపితే రాత్రంతా ఆకు తడిగానే ఉండి బూజు తెగులు వస్తుంది, గుండ్రటి గోధుమరంగు మచ్చలు పడతాయి.

చలికాలంలో గడ్డి పెరుగుదల తగ్గుతుంది, రంగూ కాస్త పాలిపోతుంది. టెన్షన్ పడొద్దు, నీళ్లు తగ్గించండి, అంతే. రథసప్తమి దాటి ఎండ ముదిరాక బాగా మాగిన పశువుల ఎరువు పొడిచేసి పలుచగా చల్లండి. నేల గట్టిపడిన చోట ఇనుప చువ్వతో రంధ్రాలు చేయండి.

మే నెలలో గంగమ్మ జాతర నాటికి అసలు పరీక్ష. మీరు వేయించింది బెర్ముడా, కాణిపాకం వినాయకుడికి సమర్పించే గరిక జాతిదే. ఎండంటే దానికి ఇష్టం, నీడంటే గిట్టదు. కాబట్టి మామిడిచెట్టు కింద పలచబడితే అక్కడ వేరే మొక్కలు పెట్టుకోండి. ఎండాకాలంలో గడ్డిని కాస్త ఎత్తుగానే ఉంచండి, నేలకు నీడ ఉంటుంది. మీరు అడుగేసిన చోట గడ్డి తిరిగి లేవకుండా పాదం గుర్తు అలాగే ఉండిపోతే దాహంగా ఉందని అర్థం. మరుసటి తెల్లవారుజామునే పోయండి.

సెలవులకు నా దగ్గరికి వచ్చేటప్పుడు పక్కింటి అక్కకు చెప్పి రండి: రోజూ కొంచెం కొంచెం వద్దు, మూడు రోజులకోసారి, ఎండెక్కకముందే, నిండుగా.

ప్రేమతో,
మీ అవ్వ