ఎల్‌నినో అపోహలు - వాస్తవాలు: గాలిని మర్చిపోతున్నాం

వానాకాలం అంచనాలు తయారుచేసే మమ్మల్ని ఎవరు కలిసినా అడిగేది ఒకటే: "ఈసారి ఎల్‌నినో ఉందా?" ఉందనో లేదనో ఒక్క ముక్కలో చెప్పేస్తే సరిపోదు.

అపోహ: ఎల్‌నినో అంటే పసిఫిక్ మహాసముద్రం మధ్య, తూర్పు భాగాల్లో నీరు మామూలు కంటే వేడెక్కడం, అంతే.

వాస్తవం: గాలి కలిసిరాకపోతే ఆ వేడి నిలవదు. భూమధ్యరేఖ వెంబడి తూర్పు నుంచి వీచే వ్యాపార పవనాలు పైనున్న వెచ్చటి నీటిని ఇండోనేసియా వైపు నెడుతుంటాయి. అందుకే అక్కడ సముద్రమట్టం దక్షిణ అమెరికా తీరంలో కంటే దాదాపు అర మీటరు ఎక్కువ. ఆ వెచ్చటి నీటి మీద గాలి పైకి లేచి వానలు దంచికొడతాయి. లేచిన గాలి చోటులోకి తూర్పు నుంచి మళ్లీ గాలి వస్తుంది. అంటే వాన కూడా గాలికి బలమిస్తోందన్నమాట. గాలి సడలిందా, వెచ్చటి నీరు తూర్పుకు జారుతుంది, దాని వెనకే వానా పోతుంది, గాలి ఇంకా నీరసిస్తుంది. ఈ లంకెను 1969లో వాతావరణ శాస్త్రవేత్త జాకబ్ బ్యెర్క్‌నెస్ వివరించాడు.

2014 మొదట్లో ఉపరితలం కింద వెచ్చటి నీరు భారీగా తూర్పుకు కదిలింది. పెద్ద ఎల్‌నినో ఖాయమని చాలామంది అనుకున్నారు. తీరా గాలులు తోడు రాకపోయేసరికి చప్పబడిపోయింది. అసలుది 2015లో వచ్చింది.

అపోహ: ఎల్‌నినోలో వాన ఫలితం మాత్రమే, కారణం కాదు.

వాస్తవం: కిలో నీటి ఆవిరి చినుకులైతే సుమారు 25 లక్షల జౌల్స్ వేడి గాలిలో కలుస్తుంది. వేల కిలోమీటర్ల అవతలి గాలులను కూడా కదిలించేది ఇదే. పైగా ఉప్పులేని వాననీరు తేలిక కాబట్టి సముద్రం పైనే పొరలా నిలిచి, కింది చల్లటి నీటిని పైకి రానివ్వదు. ఈ పొర సంగతి బయట ఎవరూ మాట్లాడరు గానీ, అంచనాలు వేసే కంప్యూటర్ మోడళ్లతో పనిచేసేవాళ్లకు మాత్రం ఇదో తలనొప్పి.

అపోహ: ఎల్‌నినో వస్తే భారత్‌లో కరువే.

వాస్తవం: 1997లో ఎల్‌నినో చాలా తీవ్రం, అయినా రుతుపవన వర్షం సగటు కంటే 2 శాతం ఎక్కువే. 2002లో అంత తీవ్రం కాదు, లోటు మాత్రం 19 శాతం. వేడి ఎక్కడుందన్నదీ ముఖ్యమే: 2002లో మధ్య పసిఫిక్‌లో ఉంది, 1997లో తూర్పు చివరన ఎక్కువగా ఉంది. హిందూ మహాసముద్రం పరిస్థితీ చూడాలి.

అపోహ: నాలుగేళ్లకోసారి వస్తుంది.

వాస్తవం: రెండేళ్లకూ రావచ్చు, ఏడేళ్లకూ రావచ్చు. మార్చిలో వచ్చే అంచనాలు చూసి టెన్షన్ పడకండి. ఆ సమయంలో గాలి ఎటు మళ్లుతుందో చెప్పడం మాకూ కష్టమే. జూన్ దాటాక వచ్చే అంచనాలను ఇంకాస్త నమ్మొచ్చు.